ముఖాముఖి వెనక

తెలుగులో ఇంటర్వ్యూని ఎవరూ విమర్శకి పెట్టరు. కథని పెడతాం, కవితని పెడతాం, సినిమానైతే ఇంటర్వెల్లోనే ఉతికి ఆరేస్తాం. ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, అందులో విమర్శించడానికి ఏముంది అనుకుంటాం. అడిగినదానికీ, చివరికి మన చెవిన పడేదానికీ మధ్య ఎంత పని జరుగుతుందో, ఆ పనిలో ఎంత న్యాయం, ఎంత అన్యాయం ఇమిడి ఉంటాయో ఆలోచించే అలవాటు మనకి తక్కువ.

దీనికి కారణం బహుశా మనకి అలవాటైన ఇంటర్వ్యూలే. సినిమా విడుదలకి వారం ముందు వచ్చే ముఖాముఖీలు ఎన్ని చూడలేదు! కథ వినగానే ఒప్పేసుకున్నానంటాడు హీరో. సెట్లో అందరం ఒకే కుటుంబంలా ఉన్నామంటుంది హీరోయిన్. అడిగేవాడికి జవాబు ముందే తెలుసు, చెప్పేవాడికి ప్రశ్న ముందే తెలుసు, వినేవాడికి రెండూ తెలుసు. అయినా కాఫీ చల్లారిపోయేదాకా వింటాం.

నేనుండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. వారంలో ఐదు రోజులు డేటాబేసుల పని. శని, ఆదివారాల్లో ఒక చిన్న ఇంటర్వ్యూ కార్యక్రమానికి ఎడిటింగ్ చేస్తాను. వెబ్ కామిక్కులు, యానిమేషన్, వీడియో గేములు, ఇలాంటి వినోద రంగాల్లో పనిచేసేవాళ్ళని పిలిచి గంటసేపు మాట్లాడించడం ఆ కార్యక్రమం. ఉన్నది ముగ్గురం. ఒకాయన ప్రశ్నలడుగుతాడు. ఒకావిడ అతిథులని వెతికి, ఒప్పించి, వాళ్ళ టైమూ మా టైమూ కలుపుతుంది. మాటలు రికార్డు చెయ్యడం, కొయ్యడం, అతకడం నా వంతు. ఎవరికీ జీతం లేదు. గంట మాటకి నాకు దాదాపు ఎనిమిది గంటల పని పడుతుంది. ఆ ఎనిమిది గంటల్లో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

వెబ్ కామిక్కు గురించి రెండు మాటలు

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న పాఠకులకి ఈ మాట కొత్తగా అనిపించవచ్చు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో పత్రికల్లో వచ్చే బొమ్మల కథలు చాలావరకు సిండికేటు అనే దళారీ సంస్థ ద్వారా వచ్చేవి. వాళ్ళు ఒప్పుకుంటేనే అచ్చు, లేకపోతే లేదు. 1990ల చివర్లో కొంతమంది కుర్రాళ్ళు ఎవరినీ అడక్కుండా తమ బొమ్మలని ఇంటర్నెట్లో పెట్టుకోవడం మొదలెట్టారు. ‘స్లగ్గీ ఫ్రీలాన్స్’ 1997లో, ‘పెన్నీ ఆర్కేడ్’ 1998లో అలా వచ్చినవే. 2005లో మొదలైన ‘ఎక్స్‌కేసీడీ’ రాండల్ మన్రో అనే భౌతికశాస్త్ర విద్యార్థి నోటుపుస్తకాల్లో గీసుకున్న గీతల మనుషులతో పుట్టింది. కొరియాలో నేవర్ సంస్థ 2004లో చేపట్టిన వెబ్‌టూన్ పద్ధతి, అంటే ఫోన్లో పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివే కథ, 2014లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది.

వీటిలో వలసవాళ్ళం తప్పకుండా చదవాల్సినవి ఉన్నాయి. కేట్ బీటన్ అనే కెనడా అమ్మాయి చదువు అప్పు తీర్చడానికి కేప్ బ్రెటన్‌లోని సొంత ఊరు వదిలి, 2005 నుంచి 2008 దాకా, మధ్యలో ఒక ఏడాది విరామంతో, ఆల్బర్టా చమురు ఇసుక గనుల్లో పనిచేసింది. ఆ అనుభవాన్ని 2014లో ఐదు భాగాల చిత్తు బొమ్మలుగా ఇంటర్నెట్లో పెట్టింది. అదే 2022లో ‘డక్స్’ అనే పెద్ద పుస్తకంగా వచ్చింది. గల్ఫులో మనిషి ఉన్న కరీంనగర్ ఇంటికైనా, ఎమ్మెస్ అప్పుతో విమానమెక్కిన గుంటూరు కుర్రాడికైనా ఆ పుస్తకం పరాయిదనిపించదు.

కనపడని బొమ్మ

మా కార్యక్రమంలో మొదటి చిక్కు అందరికీ తట్టేదే. బొమ్మ గురించి మాట్లాడుతున్నాం, వినేవాడికి బొమ్మ కనపడదు.

కొన్ని కామిక్కులకి ఈ చిక్కు లేదు. రయన్ నార్త్ 2003 నుంచి గీస్తున్న ‘డైనోసార్ కామిక్స్’లో ప్రతిసారీ అవే బొమ్మలు, అవే డైనోసార్లు. మారేది మాటలే. అలాంటిదాన్ని రేడియోలో వినిపించినా నష్టం లేదు. కానీ మన్రో 2013లో చేసిన ‘టైమ్’ని చూడండి. ఒకే గడిలో బొమ్మ గంటకోసారి మారుతూ నాలుగు నెలల పాటు నడిచింది. మొత్తం మూడువేల పైచిలుకు బొమ్మలు. 2014లో దానికి హ్యూగో పురస్కారం వచ్చింది. ఇద్దరు మనుషులు సముద్రం ఒడ్డున ఇసుక కోట కట్టడంతో మొదలయ్యే ఆ కథలోని నిదానాన్ని నోటితో ఎలా చెబుతాం? చెప్పగానే నిదానం పోయి సారాంశం మిగులుతుంది.

దీనికి మేం చేసే ఉపాయం ఒకటుంది. ఫోన్లో అవతల బొమ్మ కనపడని మనిషి ఉన్నాడనుకుని మీ పేజీ ఒక్కటి వర్ణించండి అని అతిథినే అడుగుతాం. చాలామంది తడబడతారు. ఆ తడబాటులోనే అసలు సంగతి బయటపడుతుంది. ఒకాయన తన కథానాయకుడి గురించి ఒక్క ముక్క చెప్పకుండా, వెనక గోడ మీద పడ్డ ఎండ గురించి రెండు నిమిషాలు చెప్పాడు. మీ కథ దేని గురించి అని అడిగి ఉంటే ఆ ఎండ మాకు దొరికేది కాదు.

పుస్తకానికి ఈ బాధ లేదు. ట్రుఫో 1962లో వారం రోజుల పాటు హిచ్‌కాక్‌ని ప్రశ్నలడిగాడు. ఇద్దరి మధ్యా హెలెన్ స్కాట్ అనే దుబాసీ కూర్చుంది. 1966లో వచ్చిన ఆ పుస్తకంలో మాట పక్కనే సినిమా బొమ్మ ఉంటుంది. చదివి, చూసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవచ్చు. బొమ్మల మనుషుల ఇంటర్వ్యూకి అంతకన్నా మంచి రూపం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ఇక సినిమా. డేవ్ కెలెట్, ఫ్రెడ్ ష్రోడర్ కలిసి తీసిన ‘స్ట్రిప్డ్’ అనే డాక్యుమెంటరీ 2014లో వచ్చింది. డెబ్భై మందికి పైగా కార్టూనిస్టులని కూర్చోబెట్టి మాట్లాడించారు. పాత పత్రికలవాళ్ళూ ఉన్నారు, వెబ్ వాళ్ళూ ఉన్నారు. బొమ్మలన్నీ తెర మీద కనిపిస్తాయి. అయినా నాకు ఆ సినిమాలో బాగా గుర్తుండిపోయింది ముఖం కనపడని మనిషి. ‘కాల్విన్ అండ్ హాబ్స్’ గీసిన బిల్ వాటర్సన్ 1995లో ఆ కామిక్కు ఆపేశాక లోకానికి దూరంగా ఉండిపోయాడు. ఈ సినిమాకి పోస్టర్ గీసి ఇచ్చాడు, గొంతు మాత్రం ఇచ్చాడు, ముఖం ఇవ్వలేదు. మిగిలినవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వాళ్ళ చొక్కాలు, వెనక ఉన్న పుస్తకాల అరలు చూస్తూ కూర్చున్నాను. వాటర్సన్ మాట్లాడినప్పుడు విన్నాను. కాబట్టి బొమ్మ చూపించలేకపోవడం మాకు పూర్తిగా నష్టమేం కాదు.

కత్తెర ఎక్కడ పడుతుంది

అతిథి ఒక ఊళ్ళో, మేం ఇంకో ఊళ్ళో. ఎవరి గొంతు వాళ్ళ దగ్గరే రికార్డు అవుతుంది. మొదట్లో ఇద్దరూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు ఆధారంగా రెండు ముక్కలనీ నేను ఒకదాని పక్కన ఒకటి పెడతాను. రెండు కంప్యూటర్ల గడియారాలు సరిగ్గా ఒకలా నడవవు కాబట్టి గంట గడిచేసరికి జవాబు ప్రశ్న మీదికి ఎక్కుతుంది. దాన్ని మళ్ళీ సర్దాలి. ఇంట్లో ప్రతిధ్వని లేని చోటు బట్టల అలమరే కాబట్టి చాలామంది అతిథులు వేలాడే కోట్ల మధ్య కూర్చుని మాట్లాడతారు. ఎవరూ మాట్లాడని గది చప్పుడు అరనిమిషం విడిగా పట్టి ఉంచుతాం. ఎందుకంటే మాట తీసేసినచోట ఉత్త నిశ్శబ్దం పెడితే వినేవాడు లైను తెగిపోయిందనుకుంటాడు. ఖాళీని కూడా ఖాళీతోనే అతకాలన్నమాట.

ఇదంతా చేతిపని. విమర్శ దీని తర్వాత మొదలవుతుంది.

తొమ్మిదేళ్ళు నడిపిన కామిక్కుని ఎందుకు ఆపేశారని ఒకాయనని అడిగాం. పదకొండు సెకన్లు మాట్లాడలేదు. తర్వాత, అలిసిపోయాను, అన్నాడు. పదకొండు సెకన్లంటే చెవికి చాలా ఎక్కువ. మా ప్రశ్నలాయన నాలుగు చాలన్నాడు. నేను పదకొండూ ఉండాలన్నాను. కూరగాయల బేరంలా ఆరు, ఏడు, తొమ్మిది దాకా వచ్చింది. చివరికి మొత్తం ఉంచాం. ఆ మనిషి ఊపిరి తీసుకోవడం, కుర్చీ కిర్రుమనడం వినిపిస్తాయి. వాటిని తీసేస్తే ‘అలిసిపోయాను’ అన్నది ఎవరైనా ఎప్పుడైనా అనే మామూలు మాట అయిపోయేది.

ఇంకొకటి గమనించాను. ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్ళు నీళ్ళు నమిలితే ఆలోచిస్తున్నాడంటారు. మనలాంటివాళ్ళు నమిలితే భాష రాదంటారు. అందుకని ఎడిటర్లు దయతో వలసవాళ్ళ తడబాట్లని ఎక్కువగా కత్తిరిస్తారు. విన్నవాడికి ఆ మనిషి గడగడా మాట్లాడినట్టుంటుంది. ఆ దయ నాకు నచ్చదు. ఒక మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మనిషి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి నడుస్తున్నాడు. ఆ నడక కొయ్యడమంటే అతను ఇక్కడే పుట్టినట్టు చూపించడమే.

డబ్బూ, మణికట్టూ

ఇలాంటి కార్యక్రమాలన్నిటిలోనూ వినపడే ప్రశ్న ఒకటే: మీకు ఆలోచనలు ఎక్కణ్ణించి వస్తాయి? దీనికి నిజమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నెలకి ఎంత వస్తుంది? ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు? చెయ్యి నొప్పెడితే ఏం చేస్తారు?

వెబ్ కామిక్కుల చరిత్ర సగం డబ్బు చరిత్రే. స్కాట్ మెక్‌క్లౌడ్ 2000లో రాసిన పుస్తకంలో, పాఠకులు కామిక్కుకి కొన్ని సెంట్ల చొప్పున కట్టే రోజు వస్తుందని ఆశపడ్డాడు. ఆ పద్ధతి మీద వచ్చిన బిట్‌పాస్ అనే సంస్థ 2007లో మూతబడింది. తర్వాత చందాలు వచ్చాయి. రిచ్ బర్లూ ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’ పాత సంపుటాలు మళ్ళీ అచ్చువెయ్యడానికి 2012లో చందాలు అడిగితే పన్నెండున్నర లక్షల డాలర్లు వచ్చాయి. అందరూ ఆ అంకె గురించే మాట్లాడారు. అదే ఏడాది ఆయన చేతికి పెద్ద గాయమై బొమ్మలు వెయ్యడం ఆగిపోయింది. అంత డబ్బు వచ్చిన పని మొత్తం ఒక్క మనిషి చేతి మీద ఆధారపడి ఉందన్నది ఆ అంకె కన్నా పెద్ద వార్త అని నాకనిపిస్తుంది.

అతిథులు వచ్చేది ఎక్కువగా కొత్త పుస్తకం అమ్ముకోవడానికే. అందులో తప్పు లేదు. కానీ మణికట్టు గురించి అడగ్గానే అమ్మకం భాష పోతుంది. ఏ వేలికి పట్టీ వేసుకుంటారో, ఎడమ చేత్తో గీయడం ఎలా నేర్చుకున్నారో చెబుతారు. ఆ తర్వాత వచ్చే మాటలన్నీ నిజమైన మాటలు.

కల్లూ, కళ్ళూ

ఇప్పుడు నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను.

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి మా కార్యక్రమానికి వచ్చింది. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చే అమ్మమ్మ గురించి ఆమె వారం వారం కామిక్కు గీస్తుంది. అందులో అమ్మమ్మ మాటలన్నీ తెలుగు లిపిలో ఉంటాయి, కింద అనువాదం ఉండదు. పాఠకులకి అర్థం కాదు కదా అని మావాడు అడిగాడు. “మా అమ్మమ్మ మాట్లాడేది నాకూ సగమే అర్థమయ్యేది. నేను నించున్న చోటే చదివేవాళ్ళూ నించోవాలి” అంది. సంస్కృతి, మూలాలు అని పెద్ద మాటలు చెప్పకుండా ఇంత సూటిగా చెప్పిన జవాబు నేను ఈమధ్య వినలేదు.

ఐతే మా ముగ్గురిలో ఆ బుడగలు చదవగలిగింది నేనొక్కణ్ణే. వాటినిండా తప్పులున్నాయి. నీళ్ళు అన్నచోట నీలు. వెళ్ళు అన్నచోట వెలు. శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మమ్మ కళ్ళు మంటగా ఉన్నాయనే చోట, కల్లు మంటగా ఉంది. తెలుగువాళ్ళు చూస్తే పడీపడీ నవ్వుతారు. ఆపరేషన్ చేయించుకున్న అమ్మమ్మ కల్లు గురించి మాట్లాడుతోందని!

రికార్డింగుకి ముందు ఆమెతో మాట్లాడినప్పుడు దీని గురించి అడిగాను. నాకు వినపడినట్టే రాశానంది. ఆమె చెవికి ‘ల’కీ ‘ళ’కీ తేడా లేదు. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోచింది. అనువాదం లేకపోవడంతో ఇంగ్లీషు పాఠకుడు ఎలా బయట ఉండిపోతున్నాడో, ‘ళ’ లేకపోవడంతో గీసిన అమ్మాయే ఇంకో మెట్టు బయట ఉండిపోతోంది. ఆ సంగతి తెలుగు చదవగలిగినవాడికి మాత్రమే కనిపిస్తుంది. కామిక్కులో అంతకన్నా లోతైన మాట లేదు. అది ఆమె అనుకుని పెట్టింది కాదు, అంతే.

అందుకని కార్యక్రమంలోనే అడుగుదామన్నాను. అతిథులని కుదిర్చే ఆవిడ వద్దంది, అమ్మాయి తనవాళ్ళ ముందు చిన్నబోతుందని. వాదన అయింది. చివరికి అడిగాం. ఆమె బాగా ఆలోచించి, చక్కగా జవాబు చెప్పింది. చిన్నప్పుడు ఆదివారాలు వంటగదిలో బల్ల దగ్గర వాళ్ళమ్మే అక్షరాలు నేర్పిందని చెప్పింది. అమ్మ ఈ కామిక్కు ప్రతివారం చదువుతుందని, తప్పుల గురించి ఒక్కసారి కూడా మాటెత్తలేదని చెప్పింది.

రెండు రోజుల తర్వాత ఆమె దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఆ భాగం తీసెయ్యమని. నేర్పింది అమ్మ కాబట్టి తప్పులు అమ్మవి అనుకుంటారు, అమ్మ బాధపడుతుంది, అని.

మాకో నియమం ఉంది. ప్రసారానికి ముందు అతిథి ఏది తీసెయ్యమన్నా తీసేస్తాం. వార్తల విలేకరులు ఇది ఒప్పుకోరు. అధికారంలో ఉన్నవాడు తన మాట వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోకూడదు, నిజమే. కానీ వంటగది బల్ల దగ్గర విషయాలు మాట్లాడే అమ్మాయికీ మంత్రికీ ఒకే నియమం పెట్టడం న్యాయం కాదు. తీసేశాం. ఏడు నిమిషాలు. ఆ ముక్క కోస్తున్నప్పుడు నేను సంతోషంగా లేను. విన్నవాళ్ళు మంచి ఎపిసోడ్ అన్నారు. దాని నడిబొడ్డు లేదని వాళ్ళకి తెలీదు.

ఈ సంగతి ఇక్కడ రాయగలుగుతున్నానంటే, ఏడాది తర్వాత ఆ అమ్మాయే దాన్ని బొమ్మలుగా గీసింది కాబట్టి, రాస్తానంటే సరేనంది కాబట్టి. ఆ వారం కామిక్కులో వీడియో కాల్లో వాళ్ళమ్మ నోరు తెరిచి నాలిక వెనక్కి మడిచి చూపిస్తుంటుంది. గడి నిండా ఆ నోరే. కింద బుడగలో ఒకే అక్షరం, ‘ళ’, ఎనిమిదిసార్లు, ఒక్కోసారి ఒక్కో వంకరతో. పాత తప్పులు మాత్రం దిద్దలేదు. అమ్మమ్మ కల్లు ఇప్పటికీ అలాగే మంటగా ఉంది.

మా ఏడు నిమిషాల కన్నా ఆ ఒక్క గడి గొప్పది. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి చెప్పి, చెప్పినందుకు జంకి, తర్వాత తన సొంత పనిలో దారి వెతుక్కుంది. దీన్నిబట్టి ఇంటర్వ్యూ అక్కర్లేదని కాదు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి. తెలుగు చదవడం వచ్చినవాడు పక్కనుంటేనే అడగగలరు. మన పిల్లల పని గురించి మనం మాట్లాడకపోతే, ఇంగ్లీషు విమర్శకులు ఆ బుడగలని అందమైన అలంకారాలనుకుని వదిలేస్తారు.

ఏది మిగులుతుంది

కాగితం మీది బొమ్మకి అటకైనా దొరుకుతుంది. తెర మీది బొమ్మకి అదీ లేదు. జోయీ మాన్లీ 2002లో మొదలెట్టిన ‘మోడర్న్ టేల్స్’ ఒకప్పుడు ఎంతోమంది మంచి కళాకారులకి చోటిచ్చింది. 2013 నాటికి మూతబడింది. ‘స్మాక్ జీవ్స్’ 2020 చివర్లో ఆగిపోయింది. అదే సమయంలో ఫ్లాష్‌కి కాలం చెల్లడంతో దానిమీద చేసిన కదిలే కామిక్కులు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్ని వెబ్ కామిక్కులని ఎంచి భద్రపరుస్తోంది. మా ఊళ్ళోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీ ఉంది. వాటర్సన్ అసలు బొమ్మలు అక్కడే ఉన్నాయి. 2014లో ప్రదర్శన పెట్టినప్పుడు అక్కడి క్యూరేటర్ ఆయనతో చేసిన సుదీర్ఘమైన ఇంటర్వ్యూ పుస్తకంలో వచ్చింది. పెన్ను, కుంచె, కాగితం గురించి అంత వివరంగా అడిగినవాళ్ళు తక్కువ.

మనకి అలాంటిది లేదు. చందమామ బొమ్మలతో మూడు తరాలు పెరిగాం. చిత్ర గారు 1978లో, వడ్డాది పాపయ్య గారు 1992లో, శంకర్ గారు 2020లో పోయారు. భేతాళుణ్ణి భుజాన వేసుకున్న విక్రమార్కుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాడు. ఆయన్ని గీసిన మనిషి గొంతు ఎలా ఉంటుందో మనలో ఎంతమందికి తెలుసు? ఏ కుంచె వాడేవారో, నెలకి ఎన్ని బొమ్మలు వేసేవారో, చెయ్యి నొప్పెట్టేదో లేదో?

ఇక్కడి తెలుగు సభల్లో సినిమావాళ్ళతో ముఖాముఖికి వేదిక, మైకు, రెండు కెమెరాలు ఉంటాయి. సావనీరుకి ముఖచిత్రం వేసిన మనిషి భోజనాల లైన్లో నించుని ఉంటాడు. ఆయన్ని ఒక గంట కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోన్ చాలు, నిశ్శబ్దంగా ఉండే గది చాలు. ఒక పేజీ వర్ణించమనండి. డబ్బు గురించి అడగండి, చెయ్యి గురించి అడగండి. ఆయన మాట్లాడకుండా ఉండిపోతే తొందరపెట్టకండి. వినిపించే ముందు ఏది తీసెయ్యమంటే అది తీసెయ్యండి. తీసినదాన్ని మాత్రం, ఆయన ఒప్పుకుంటేనే, ఎవరికీ వినిపించకుండా దాచండి. ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఆ ఏడు నిమిషాలు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి నా దగ్గర, రెండోది ఆమె దగ్గర.